రన్‌వే మీద మేడలు మొలిస్తే: ఎక్స్-ప్లేన్‌లో సీనరీ పొరలు సర్దుకునే పద్ధతి

సంక్రాంతి సెలవుల్లో శ్రీకాకుళం నుంచి మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాడు కంప్యూటర్‌లో ఎక్స్-ప్లేన్ అనే విమానం నడిపే గేమ్ (ఫ్లైట్ సిమ్యులేటర్) ఆడతాడు. "ఏటి మావా ఇది! వైజాగ్‌లో దిగుదామని వస్తే రన్‌వే మీద మేడలు మొలిచేశాయి" అన్నాడు. వాట్సాప్‌లో ఫొటో కూడా పంపాడు. నిజమే. సముద్రం వైపు నుంచి 28వ రన్‌వేకి దిగే చోట, చక్రాలు ఆనవలసిన దగ్గరే ఒక అపార్ట్‌మెంటు, దాని పక్కన రెండు చెట్లు. ఎయిర్‌పోర్టు ప్యాక్, అంటే గేమ్‌కి విడిగా చేర్చుకునే ఎయిర్‌పోర్టు సీనరీ, పాడైందనుకుని దాన్ని మూడుసార్లు తీసేసి మళ్ళీ డౌన్‌లోడ్ చేశాడట. మూడుసార్లూ అవే మేడలు.

ప్యాక్‌లో ఏ దోషమూ లేదు. ఊళ్ళలో ఇళ్ళు నింపే ఇంకో ప్యాక్‌ని వాడు ఆ వారమే కొత్తగా వేశాడు. గేమ్ ప్యాక్‌లని చదివే వరస ఒక ఫైల్‌లో ఉంటుంది. అది ఆ వరసలో ఎయిర్‌పోర్టు కన్నా పైకెక్కి కూర్చుంది. నోట్‌ప్యాడ్‌లో కొన్ని లైన్లు కత్తిరించి కింద అతికించమన్నాను. గేమ్ మళ్ళీ తెరిచేసరికి రన్‌వే ఖాళీ. నాకు ఇలాంటి ఫోన్లు కొత్త కాదు, చాలావాటికి కారణం ఈ వరసే. అందుకే మొత్తం పద్ధతి ఒకచోట రాసిపెడుతున్నాను.

ఇది ఎక్స్-ప్లేన్ 12ని దృష్టిలో పెట్టుకుని రాసింది. 11 వాడేవాళ్ళకి తేడా ఒకటి రెండు చోట్లే, అక్కడ చెబుతాను. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వాళ్ళ కమ్యూనిటీ ఫోల్డర్ లెక్క వేరు, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు. ఇంకో మాట. ఫైళ్ళ పేర్లు కంప్యూటర్‌లో ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషులోనే చేయాలి.

ముందు పొరల సంగతి

విందులో విస్తరి గుర్తు తెచ్చుకోండి. మనిషికి ఒకే విస్తరి వేస్తారు. దాని మీద అన్నం, పప్పు, కూరలు ఎన్నయినా వడ్డిస్తారు. విస్తరి మీద ఇంకో విస్తరి వేస్తే కిందిది కనపడదు, దాని మీద వడ్డించినవి కూడా కనపడవు. ఎక్స్-ప్లేన్‌లో నేల సరిగ్గా ఇలాగే పనిచేస్తుంది.

విస్తరి అంటే బేస్ మెష్. కొండలు, లోయలు, ఒడ్డు, నేల రంగు అన్నీ అందులోవే. ఒక ప్రాంతానికి గేమ్ ఒకే ఒక్క మెష్ తీసుకుంటుంది, వరసలో పైనున్నదే తీసుకుంటుంది. మిగతావి ఎన్ని ఉన్నా పక్కన పడేస్తుంది. ఉపగ్రహ ఫొటోలతో తయారయ్యే ఆర్థో టైళ్ళు, హెచ్‌డీ మెష్‌లు ఈ జాతివి.

వడ్డించేవి ఓవర్‌లేలు. ఇళ్ళు, చెట్లు, రోడ్లు, కరెంటు తీగలు, గుడులు, లైట్‌హౌస్‌లు. ఇవి ఎన్నయినా ఒకదాని మీద ఒకటి చేరతాయి. అయితే వీటిలో "ఇక్కడ ఏమీ రాకూడదు" అని గీసిన హద్దు ఒకటి ఉంటుంది, దాన్ని ఎక్స్‌క్లూజన్ జోన్ అంటారు. ఈ హద్దు వరసలో తన కన్నా కింద ఉన్నవాటినే ఆపగలదు. పైనున్నవాటి మీద దానికి అధికారం లేదు. మావాడి రన్‌వే మీద మేడలు రావడానికి కారణం ఇదే. ఎయిర్‌పోర్టు ప్యాక్ "ఇక్కడ ఇళ్ళు వద్దు" అని చెబుతూనే ఉంది, ఇళ్ళ ప్యాక్ దాని నెత్తిన కూర్చుంది.

ఎయిర్‌పోర్టులది మధ్యరకం. రన్‌వే, టాక్సీవే వివరాలు ఉండే ఆప్ట్ డాట్ డాట్ (apt.dat) అనే ఫైల్ విషయంలో ఒక ఎయిర్‌పోర్టుకి ఒకటే గెలుస్తుంది, పైనున్నదే. కానీ భవనాలు ఓవర్‌లే కాబట్టి అవి చేరిపోతాయి. వైజాగ్‌కి (దాని ఎయిర్‌పోర్టు కోడ్ వీఓవీజెడ్) రెండు వేర్వేరు చోట్ల నుంచి తెచ్చిన ప్యాక్‌లు పెడితే రన్‌వే ఒకటే వస్తుంది, టెర్మినళ్ళు మాత్రం ఒకదానిలో ఒకటి దూరిపోయి రెండు కనిపిస్తాయి. అలాంటప్పుడు వరస మార్చి లాభం లేదు, ఒకదాన్ని ఆపేయాలి.

ఇక లైబ్రరీలు వంటసామాను లాంటివి. ఓపెన్‌సీనరీఎక్స్, మిస్టర్‌ఎక్స్ లైబ్రరీ వంటివి వాటంతట అవి ఏమీ చూపించవు. వేరే ప్యాక్‌లు వాటి నుంచి కార్లు, గోడలు, షెడ్లు అరువు తెచ్చుకుంటాయి. వీటిని వరసలో ఎక్కడ పెట్టినా మామూలుగా ఫర్వాలేదు.

కొత్త ప్యాక్ ఏది తెచ్చినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇది విస్తరా, వడ్డనా, సామానా?

మన జిల్లాలు ఏ టైల్‌లో ఉన్నాయి

ఎక్స్-ప్లేన్ భూమిని ఒక డిగ్రీ అక్షాంశం, ఒక డిగ్రీ రేఖాంశం ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్క ఒక టైల్. దాని పేరు నైరుతి మూలని బట్టి వస్తుంది: +18+083 అంటే ఆ మూల 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉందని. మన దగ్గర ఒక టైల్ దాదాపు 111 కిలోమీటర్ల పొడవు, 105 కిలోమీటర్ల వెడల్పు.

విజయనగరం, శ్రీకాకుళం, బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు అన్నీ +18+083లోనే పడతాయి. వైజాగ్ ఎయిర్‌పోర్టు, భీమిలి +17+083. కళింగపట్నం, టెక్కలి, పలాస +18+084. ఇచ్ఛాపురం దాటబోతే +19+084. అరకు వెళ్ళాలంటే +18+082.

ఇది కాగితం మీద రాసి మానిటర్ పక్కన అతికించుకోండి, చాలా తలనొప్పులు తగ్గుతాయి. ఎందుకంటే మన ప్రాంతంలో టైల్ గీతలు ముఖ్యమైన చోట్ల దగ్గరే పోతాయి. శ్రీకాకుళం పట్నం 84 డిగ్రీల గీతకి ఇవతల ఉంది, శ్రీకూర్మం ఆ గీతని దాదాపు ఆనుకునే ఉంది. +18+083కి మాత్రమే ఆర్థో వేసుకుంటే, అరసవల్లి దాటి శ్రీకూర్మం వైపు ఎగురుతుండగా నేల రంగు కత్తితో కోసినట్టు మారిపోతుంది. అది తప్పు కాదు, పక్క టైల్ లేదంతే.

భోగాపురం కథ కూడా అలాంటిదే. మన రెండు జిల్లాల నుంచి ఇద్దరు కేంద్ర పౌర విమానయాన మంత్రులయ్యారు: 2014 నుంచి 2018 దాకా విజయనగరం ఎంపీ అశోక్ గజపతిరాజు, 2024లో శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు. కాబట్టి సిమ్‌లో మనవాళ్ళు మొదట వెతికేది భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిన ఎయిర్‌పోర్టునే. ఆ చోటు 18 డిగ్రీల గీతకి దగ్గర్లోనే ఉంది. అందుకని అక్కడ దిగి చూడాలంటే +17+083, +18+083 రెండూ ఒకే రకంగా తయారై ఉండాలి. ఒకటి ఆర్థో, ఒకటి మామూలుది ఉంటే దిగే దారిలోనే అతుకు కనిపిస్తుంది.

పని మొదలు: విప్పడం

గేమ్ మూసేయండి. వరస ఫైల్‌ని గేమ్ తెరుచుకునేటప్పుడే చదువుతుంది, కాబట్టి అది నడుస్తుండగా మార్చినవి ఆ పూటకి పనిచేయవు.

డౌన్‌లోడ్ చేసిన జిప్‌ని వేరే చోట విప్పండి, నేరుగా కస్టమ్ సీనరీలో (ఎక్స్-ప్లేన్‌లో అదనపు ప్యాక్‌లు పెట్టే ఫోల్డర్‌లో) వద్దు. విప్పాక లోపలికి వెళ్ళి ఎర్త్ నావ్ డేటా అనే ఫోల్డర్ ఎక్కడుందో చూడండి. (లైబ్రరీ అయితే దాని బదులు లైబ్రరీ డాట్ టీఎక్స్‌టీ ఉంటుంది.) ఆ ఫోల్డర్ ఎందులో నేరుగా కనిపిస్తుందో దాన్నే కస్టమ్ సీనరీలోకి తీసుకెళ్ళాలి. జిప్ విప్పే సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఒకే పేరుతో ఫోల్డర్‌లో ఫోల్డర్ చేస్తుంది. దాన్ని అలాగే పడేస్తే గేమ్‌కి ఆ ప్యాక్ కనపడదు, మీకు ఏ ఎర్రరూ రాదు. "వేశాను గానీ ఏమీ మారలేదు" అనేవాళ్ళలో సగంమంది దగ్గర నేను చూసింది ఇదే.

ఒకసారికి ఒక్క ప్యాకే వేయండి. రాత్రి కూర్చుని పది వేసేసి పొద్దున గేమ్ తెరవకపోతే ఏది కారణమో తేల్చడానికి ఆదివారం అంతా పోతుంది. నాది ఒకటి అలాగే పోయింది.

వరస ఫైల్

కస్టమ్ సీనరీ ఫోల్డర్‌లో సీనరీ ప్యాక్స్ అని, మధ్యలో అండర్‌స్కోర్‌తో, ఐఎన్ఐ ఫైల్ (scenery_packs.ini) ఒకటి ఉంటుంది. మొత్తం సంసారం దీని చేతిలో ఉంది. గేమ్ తెరిచిన ప్రతిసారీ ఎక్స్-ప్లేన్ ఫోల్డర్‌ని చూసి, కొత్తగా వచ్చిన ప్యాక్‌ని ఈ ఫైల్‌లో అన్నిటికన్నా పైన రాసేస్తుంది. కొత్తగా వచ్చింది విస్తరో వడ్డనో దానికి పట్టదు. ప్యాక్‌ని తీసి, మధ్యలో గేమ్ తెరవకుండా అదే పేరుతో మళ్ళీ వేస్తే మాత్రం దాని పాత లైనే ఉండిపోతుంది, వరస మారదు.

ముందు ఆ ఫైల్‌కి కాపీ తీసి, తేదీతో పేరు పెట్టి వేరే ఫోల్డర్‌లో దాచుకోండి. తర్వాత మామూలు నోట్‌ప్యాడ్‌తో గానీ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్‌తో గానీ తెరవండి. వర్డ్‌తో తెరవకండి. మొదటి మూడు లైన్లు, అంటే ఒక ఐ అక్షరం, 1000 వెర్షన్, సీనరీ అనే మాట, ముట్టుకోవద్దు. ఆ కింద ఒక్కో ప్యాక్‌కి ఒక్కో లైన్. పైనున్నదానికి ప్రాధాన్యం ఎక్కువ.

నా ఫైల్ రూపం ఇది (కొన్ని ఫోల్డర్ పేర్లు నేను పెట్టుకున్నవి; సిమ్‌హెవెన్, లైబ్రరీల దగ్గర చాలా లైన్లని కుదించి ఒక్కో లైన్‌గా రాశాను):

సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/వైజాగ్ ఎయిర్‌పోర్ట్/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/భోగాపురం ఎయిర్‌పోర్ట్/
సీనరీ_ప్యాక్ *గ్లోబల్_ఎయిర్‌పోర్ట్స్*
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/కళింగపట్నం లైట్‌హౌస్/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/సిమ్‌హెవెన్ ప్యాక్‌లు, వాటి అంకెల వరసలో/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/లైబ్రరీలు అన్నీ/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/వైఆర్థో4ఎక్స్‌పీ_ఓవర్‌లేస్/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/జెడ్ఆర్థో4ఎక్స్‌పీ_+17+083/
సీనరీ_ప్యాక్ కస్టమ్ సీనరీ/జెడ్ఆర్థో4ఎక్స్‌పీ_+18+083/

పైనుంచి కిందికి: మీరు తెచ్చుకున్న ఎయిర్‌పోర్టులు, గేమ్‌తో వచ్చే ఎయిర్‌పోర్టులు, విడి కట్టడాలు, ఊళ్ళు నింపే పెద్ద ప్యాక్‌లు, ఆర్థో ఓవర్‌లే, అట్టడుగున మెష్. స్టార్ గుర్తుల మధ్య ఉన్న గ్లోబల్ ఎయిర్‌పోర్ట్స్ లైన్ 12లోనే అలా ఉంటుంది. 11లో అది కస్టమ్ సీనరీలోనే మామూలు ఫోల్డర్‌గా ఉంటుంది. ఏ వెర్షన్‌లోనైనా సిమ్‌హెవెన్ లాంటి ఊళ్ళు నింపే ప్యాక్‌లు దానికి కిందనే ఉండాలి. ఇక్కడే ఎక్కువమంది పొరబడతారు. సొంతంగా తెచ్చిన ఎయిర్‌పోర్టుని జాగ్రత్తగా పైన పెడతారు, గ్లోబల్ లైన్‌ని మరిచిపోతారు. వైజాగ్ బాగుంటుంది గానీ, రాజమండ్రిలోనో భువనేశ్వర్‌లోనో దిగబోతే మళ్ళీ మేడలు.

ఏదైనా ప్యాక్‌ని కొన్నాళ్ళు ఆపాలంటే లైన్ చెరపకండి. చెరిపితే గేమ్ దాన్ని కొత్తదనుకుని మళ్ళీ పైన రాస్తుంది. లైన్ మొదట్లో సీనరీ_ప్యాక్ అన్న చోట సీనరీ_ప్యాక్_డిజేబుల్డ్ అని మార్చండి చాలు.

ఫైల్ మొత్తం గందరగోళమైపోతే దాన్ని తీసేసి గేమ్ తెరవవచ్చు. అక్షర క్రమంలో కొత్తది తయారవుతుంది. ఆర్థో ఫోల్డర్ల పేర్ల ముందు జెడ్, ఓవర్‌లే పేరు ముందు వై ఉండటంలో కిటుకు అదే: అక్షర క్రమంలో పేర్చినా మెష్ అడుక్కి పోతుంది, ఓవర్‌లే దాని మీదికి వస్తుంది. ఎక్స్‌ఆర్గనైజర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పని చేసిపెడతాయి. ప్యాక్‌లు వందలు దాటితే వాడండి. ముప్పై నలభై ఉన్నవాళ్ళు చేత్తో చేసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఏది ఎక్కడుందో మీకు తెలిసి ఉంటుంది.

ఆర్థో వేస్తే ఇళ్ళు ఎందుకు మాయమవుతాయి

ఆర్థో4ఎక్స్‌పీ అనేది ఉపగ్రహ ఫొటోలు తెచ్చి మెష్ తయారుచేసే ఉచిత ప్రోగ్రామ్. మొదటిసారి వాడినవాళ్ళందరికీ ఒకటే అనుభవం. నాగావళి ఇసుక తిన్నెలు, ఉద్దానం కొబ్బరితోటలు ఫొటోలో అచ్చం అలాగే కనిపించి మనసు నిండుతుంది. కిందికి దిగి చూస్తే ఒక్క ఇల్లు లేదు, ఒక్క చెట్టు లేదు. బొమ్మ అచ్చేసిన చాప పరిచినట్టు ఉంటుంది.

గేమ్‌తో వచ్చే టైల్ ఫైల్, అంటే డీఎస్ఎఫ్‌లో, నేల, రోడ్లు, అడవులు, ఇళ్ళు అన్నీ ఒకే మూటలో ఉంటాయి. మీ ఆర్థో విస్తరి దాని మీద పడగానే ఆ మూట మొత్తం కిందికి పోతుంది. అందుకే ఆర్థో4ఎక్స్‌పీలో టైల్ తయారుచేశాక ఓవర్‌లే తీసే పని కూడా చేయాలి. అది గేమ్ సొంత టైల్ నుంచి రోడ్లు, చెట్లు, ఇళ్ళు మాత్రం వేరుచేసి వై అక్షరంతో మొదలయ్యే ఫోల్డర్‌లో పెడుతుంది. ఏ టైల్‌కి ఆర్థో వేశారో ఆ ప్రతి టైల్‌కీ ఓవర్‌లే తీయాలి. విజయనగరంలో ఇళ్ళుండి పలాసలో లేకపోతే +18+084కి తీయలేదన్నమాట.

జూమ్ స్థాయి, అంటే ఫొటో ఎంత వివరంగా ఉండాలో చెప్పే అంకె, ఎంచుకునేటప్పుడు ఆశ అదుపులో పెట్టుకోండి. మన అక్షాంశం దగ్గర 16లో ఒక పిక్సెల్ దాదాపు 2.3 మీటర్లు, 17లో 1.1 మీటర్లు. ఒక్క మెట్టు ఎక్కితే సైజు నాలుగింతలవుతుంది. మొత్తం నేలే ఉన్న టైల్ 16లో ఒకటిన్నర జీబీకి అటూఇటూ, 17లో ఆరు జీబీ దాకా వస్తుంది. 18లో ఎంతో మీరే లెక్కేసుకోండి. మనకో అదృష్టం ఉంది: +17+083లో నేల వాయవ్య మూలనే, మిగతా అంతా బంగాళాఖాతం. కాబట్టి దాన్ని 17లో చేసినా పెద్ద భారం కాదు. నేనైతే +17+083, +18+083 రెండూ 17లో, చుట్టుపక్కలవి 16లో పెట్టుకున్నాను. ఎయిర్‌పోర్టు చుట్టూ మాత్రం ఒక మెట్టు పెంచే వీలు ఆ ప్రోగ్రామ్‌లోనే ఉంది. ఫొటోలు ఎక్కడి నుంచి తెస్తున్నారో దాన్ని పక్కపక్క టైళ్ళకి మార్చకండి, లేకపోతే ఒకటి ఎండాకాలంలా, ఒకటి వానాకాలంలా కనిపిస్తుంది.

కొన్ని ఎయిర్‌పోర్టు ప్యాక్‌లతో విడిగా ఒక మెష్ కూడా వస్తుంది. దాన్ని ఆర్థో కన్నా పైన పెడితే ఎయిర్‌పోర్టు బాగుంటుంది గానీ, ఆ టైల్ మొత్తం మీద మీ ఆర్థో పోతుంది. కింద పెడితే ఆర్థో ఉంటుంది, రన్‌వే గుంటలోనో గట్టు మీదో కనిపించవచ్చు. రెండూ ఒకేసారి దక్కవు, ఏది ముఖ్యమో మీరే తేల్చుకోవాలి. రన్‌వే ఎగుడుదిగుడే సమస్య అయితే, ఆప్ట్ డాట్ డాట్ ఫైల్‌లో ఆ ఎయిర్‌పోర్టు వివరాల కింద 1302 ఫ్లాటెన్ 1 అన్న లైన్ చేర్చి చూడండి. నేల చదునవుతుంది. అంచుల్లో గట్టు కనపడితే సర్దుకోవాలి.

డిస్క్ చాలకపోతే

ఆర్థో టైళ్ళని వేరే డ్రైవ్‌లో పెట్టి, వాటి షార్ట్‌కట్‌ని కస్టమ్ సీనరీలో ఉంచవచ్చు. ఎక్స్-ప్లేన్ దాన్ని ఒప్పుకుంటుంది. వరస ఫైల్‌లో ఆ లైన్ డ్రైవ్ అక్షరంతో సహా పూర్తి చిరునామాగా కనిపిస్తుంది. బయటి డ్రైవ్ అయితే గేమ్ తెరవక ముందే తగిలించండి. మరిచిపోతే లైన్ పోయి, తర్వాతిసారి కొత్తదానిలా పైకి చేరొచ్చు.

తేడా వస్తే ఎక్కడ వెతకాలి

ఎక్స్-ప్లేన్ ప్రధాన ఫోల్డర్‌లో లాగ్ డాట్ టీఎక్స్‌టీ ఉంటుంది. గేమ్ తెరిచిన ప్రతిసారీ ఇది కొత్తగా రాయబడుతుంది, కాబట్టి సమస్య వచ్చిన వెంటనే, గేమ్ మళ్ళీ తెరవకముందే కాపీ తీసుకోండి. అందులో ఫెయిల్డ్ టు ఫైండ్ రిసోర్స్ అన్న మాటల కోసం వెతకండి. ఆ లైన్‌లోనే ఏ వస్తువు దొరకలేదో, ఏ ప్యాక్ దాన్ని అడిగిందో ఉంటుంది. ఎక్కువసార్లు అది మీరు వేయని లైబ్రరీయే అవుతుంది. ఎయిర్‌పోర్టు ప్యాక్‌తో వచ్చే రీడ్‌మీలో ఏ లైబ్రరీలు కావాలో రాసి ఉంటారు. మనం చదవం, అది వేరే సంగతి.

గేమ్ లోడ్ అవుతూ మధ్యలో ఆగిపోతే, లాగ్‌లోనూ ఏమీ తెలియకపోతే, సగాల పద్ధతి పట్టండి. ప్యాక్‌లలో సగాన్ని డిజేబుల్ చేసి తెరవండి. తెరుచుకుంటే దోషి ఆపిన సగంలో ఉంది, లేకపోతే మిగతా సగంలో. దోషి ఉన్న సగాన్ని మళ్ళీ సగం చేయండి. నలభై ప్యాక్‌లున్నా ఆరుసార్లలో దొరికిపోతుంది.

చివరికి ఎగిరి చూడటం

వరస సరిచేశాక నేను ప్రతిసారీ ఒకే దారిలో పోతాను. సెస్నా 172, 2500 అడుగులు. వైజాగ్‌లో 10వ రన్‌వే నుంచి లేచి, రన్‌వే మీద ఇళ్ళూ చెట్లూ లేవని, టెర్మినల్ ఒక్కటే ఉందని అక్కడే చూసుకుంటాను. ఎడమకి తిరిగి ఒడ్డు వెంట రుషికొండ, భీమిలి. భోగాపురం దగ్గర అతుకు కనిపిస్తోందా అని చూస్తాను. కోనాడ దగ్గర చంపావతి సముద్రంలో కలిసే చోట నీళ్ళు, ఇసుక ఒకదాని మీదికి ఒకటి పోకుండా ఉండాలి. అక్కడి నుంచి లోపలికి తిరిగి విజయనగరం మీదుగా వెళితే, ఇళ్ళు ఫొటోలోని వీధుల వెంటే నిలబడ్డాయో, చెరువులోకి దిగాయో తెలుస్తుంది. చెరువులో ఇళ్ళుంటే ఓవర్‌లేలు రెండు కలబడుతున్నట్టు, ఒకదాన్ని ఆపి చూడాలి. మళ్ళీ ఒడ్డుకి వచ్చి నాగావళి దాటితే 84 డిగ్రీల గీత. శ్రీకూర్మం అవతల కూడా రంగు మారకుండా, కళింగపట్నం దగ్గర వంశధార ముఖద్వారం, దాని పక్కన లైట్‌హౌస్ కనిపించాయంటే +18+084 కూడా సరిగ్గా పడినట్టే. అప్పుడు గేమ్ మూసి, ఆ రోజు తేదీతో వరస ఫైల్‌కి ఇంకో కాపీ తీసి పెట్టుకుంటాను.